అటకమీది మాండలిన్

గౌలిగూడ పాత బస్‌స్టాండు ఇనుపషెడ్డు 2018 జులై 5న కూలిపోయినప్పుడు చాలామంది 'అయ్యో' అన్నారు. నిలబడి ఉన్నన్నాళ్ళూ దానివంక తలెత్తి చూసినవాళ్ళు తక్కువే. ఇళ్ళల్లో పాతవస్తువుల గతీ అంతే గదా!

అక్కడికి దగ్గర్లోనే మా పిన్నిగారిల్లు. మొన్న సున్నాలు వేయిస్తూ అటక ఖాళీచేస్తే, గుడ్డలో చుట్టిన మాండలిన్ బయటపడింది. కీర్తిశేషులైన మా బాబాయిది. "వీపు గూనిలా ఉంది, పైబల్ల వంగిపోయింది. పాతసామాన్లవాడికి పడేస్తానమ్మాయ్" అన్నది పిన్ని. నేను చప్పున అందుకున్నాను.

ఆ గూని లోపం కాదు. ఇటలీలో నేపుల్స్ పనివాళ్ళు సన్నని చెక్కబద్దలు వంచి, పక్కపక్కనే అతికి, మన తంబురా బుర్రలాంటి వీపు చేసేవారు. బద్దలు సన్నగా, ఎక్కువగా ఉండి, అతుకులు బిగువుగా ఉంటే పనితనం ఉన్నట్టే. తీగలు ఆనే గుర్రానికి వెనుక పైబల్ల వంగి ఉండటం కూడా కావాలని చేసిందే. గుర్రం కిందనే బల్ల కుంగితే మాత్రం అది జబ్బు.

అన్ని మాండలిన్లూ ఇలాగే ఉండవు. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ వయొలిన్‌లాగా చెక్కను తొలిచి చేసే పద్ధతికి 1898లో పేటెంటు పొందాడు. ఆ కంపెనీ మాండలిన్లలో కొన్నిటికి భుజాన చెక్కచుట్ట ఉంటుంది. 1922-24 మధ్య లాయిడ్ లోర్ సంతకపు చీటీతో వచ్చినవాటికోసం సేకర్తలు నేటికీ వెతుకుతారు. డప్పులా తోలు బిగించినవీ కద్దు. వాటిని బాంజో అనుకుంటారు గాని, జంటలుగా ఎనిమిది తీగలుంటే అది మాండలిన్ బంధువే.

రంధ్రంలోకి టార్చిలైటు వేసి లోపలి చీటీ చదవండి. అయితే చీటీనొక్కదాన్నే నమ్మకండి, దొంగచీటీలూ ఉంటాయి. కొత్త వార్నిషు పూయించకండి. లావుతీగలు అసలే వద్దు. ఒకప్పుడు మా ఇంటి మాండలిన్‌కు ఒక దుకాణంలో అవి వేయించి, ఏడాది తిరక్కుండా పైబల్ల కుంగదీసుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వింతరూపమని తోసిపుచ్చితే ఎంత నష్టమో చూడండి. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశారు. మామూలు మాండలిన్ నాదం త్వరగా ఆరిపోతుంది. జంటతీగలమీద గమకం పలికించడం కష్టం. అందుకని ఆయన అయిదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్ పట్టారు. 2014లో కన్నుమూసేనాటికి కర్ణాటక సంగీతంలో మాండలిన్ అంటే అదే!

బాబాయి మాండలిన్‌లో చీటీ సగం చిరిగిపోయింది, పేరు తెలియలేదు. బద్దలు లెక్కపెడితే ఇరవై ఒకటి. పిన్ని కొంగుతో దుమ్ము తుడుస్తూ, "బల్లమీద నిలిచేది కాదమ్మా, ఆయన ఒళ్ళో మాత్రం చక్కగా ఒదిగేది" అన్నది. పాతసామాన్లవాడి ఊసు మళ్ళీ ఎత్తలేదు.