పదకొండు మందిలో ఒక్కరు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా పేజీలో ఓ పట్టిక కనిపిస్తుంది. బడి పేరు, దాని పక్కన ఉత్తీర్ణత శాతం. అంతే! నిజామాబాద్ పట్టణం నడిబొడ్డున రెండొందల మంది రాసిన హైస్కూలుకీ, బోధన్ అవతల మంజీర ఒడ్డున పదకొండు మందే రాసిన హైస్కూలుకీ అదే గడి, అదే సైజు అక్షరం.

ఓసారి కాగితం, పెన్ను తీసుకుని చూద్దాం. రెండొందల మందిలో ఒకరు తప్పితే పోయేది అర శాతం. ఎవరూ పట్టించుకోరు. పదకొండు మందిలో ఒకరు తప్పితే ఏకంగా తొమ్మిది శాతం పోతుంది. 2025లో తెలంగాణ మొత్తం మీద పాసైనవాళ్లు 92.78 శాతం. పదకొండు మందిలో పది మంది గట్టెక్కిన బడికి వచ్చేది 90.9. అంటే ఒక్క పిల్లాడు లెక్కల్లో తప్పినా ఆ బడి 'రాష్ట్ర సగటు కన్నా దిగువన' చేరిపోతుంది. వందైనా రావాలి, వెనకబడిన జాబితాలోనైనా పడాలి. ఆ బడికి మధ్యస్తమంటూ లేదు. మండల సమీక్షలో హెడ్మాస్టరు లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఈ తొమ్మిది శాతానికే.

ఇంతకీ ఆ ఒక్కరూ ఎవరు?

అది తెలియాలంటే చెరకు కథలోకి వెళ్లాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. కాలువ కింద నీళ్లు పారాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్న మిల్లు అది. దానికోసం శక్కర్‌నగర్ పుట్టింది. కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతులతో 'క్యాంపు'లు పుట్టాయి. తండాల నుంచి కూలీలు, సరిహద్దు దాటి మరాఠీ కుటుంబాలు, పట్టణంలో ఉర్దూ మాట్లాడే కార్మికులు... నాలుగు భాషలు ఒకే హాజరు పట్టీలో కలిశాయి. నెలజీతం వచ్చే ఇల్లు ఊళ్లో ఉంటే బడికీ కళ ఉంటుంది. ఫీజుకీ, నోటుబుక్కుకీ, ట్యూషన్‌కీ వెతుక్కోవక్కర్లేదు.

2002లో మిల్లు ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. జీతాలు పోయాక ఇళ్లు ఖాళీ అయ్యాయి. చెరకు వేసిన రైతు వరికి మళ్లాడు. మిల్లు మళ్లీ తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికకూ వినిపిస్తుంది గానీ, వెళ్లిపోయిన పిల్లలు మాత్రం తిరిగి రారు.

మిగిలినవాళ్లలోనూ వడపోత ఉంది. కాస్త కలిగిన ఇంటివాళ్లు పిల్లల్ని పసుపు రంగు బస్సెక్కించి ప్రైవేటు బడికి పంపుతారు. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టే స్తోమత ఉంటే ఆ బస్సెక్కేది చాలాసార్లు కొడుకే. సర్కారు బడి తరగతిలో ఆడపిల్లల వరస పొడుగ్గా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇక చురుకైన పిల్లలు నాలుగో తరగతిలో ఉండగానే ప్రవేశ పరీక్ష రాసి ఐదులో గురుకులానికి వెళ్లిపోతారు. తప్పేం కాదు. ఈ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూనే 2014 మే 25న, పధ్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. ఆ తర్వాత మైనారిటీ గురుకులాలే రాష్ట్రంలో 204 వచ్చాయి. వెళ్లినవాళ్లకి మంచే జరిగింది. కానీ వాళ్ల మార్కులు గురుకులం ఖాతాలోకి, మిగిలినవాళ్ల మార్కులు ఊరి బడి ఖాతాలోకి పోతాయి. తర్వాత రెండు శాతాలనీ పక్కపక్కన పెట్టి ఏది మంచి బడో తేలుస్తాం!

అలా మిగిలిన పదకొండు మందిలో ఒకమ్మాయి తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తల్లి బీడీలు చుడుతుంది. సాయంత్రమైతే చాట ముందు పెట్టుకుని తునికాకు కత్తిరించేది ఈ అమ్మాయే. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేది అమ్మమ్మ. ఇంకొకడు ఇంట్లో లంబాడీ, వీధిలో తెలుగు మాట్లాడతాడు. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు అచ్చేసిన పుస్తకాలిచ్చారు. ఏడేళ్లు తెలుగులో చదివి, ఎనిమిదిలో మీడియం మారిన ఆ పిల్లలే 2025లో పది రాశారు. సరిహద్దు పల్లెల్లో మరాఠీ ఇళ్ల పిల్లలకి అది మూడో భాష.

ఇక మాస్టర్ల లెక్క. పిల్లలు పదిమందైనా వందమందైనా గణితానికి ఒకరు, భౌతికశాస్త్రానికి ఒకరు, జీవశాస్త్రానికి ఒకరు, సాంఘికానికి, భాషలకి ఒక్కొక్కరు ఉండాల్సిందే. పెద్ద బడిలో ఒక పోస్టు ఖాళీ అయితే పక్క సెక్షన్ మాస్టారు సర్దుతారు. చిన్నబడిలో లెక్కల మాస్టారు బదిలీ అయితే ఆ ఊళ్లో లెక్కలే బదిలీ అయినట్టు. 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ డీఎస్సీ నియామకాలు 2024 అక్టోబరులో గానీ జరగలేదు. ఆ మధ్యకాలంలో ఆరో తరగతిలో చేరినవాడు పది దాటేశాడు!

శాతం వేయొద్దని ఎవరూ అనరు. దాని పక్కనే ఎంతమంది రాశారో కూడా వేయాలి. ఆరులో చేరినవాళ్లలో పది దాకా మిగిలిందెందరో, ఏ సబ్జెక్టుకి ఎన్నాళ్లు మాస్టారు లేరో చెప్పే గడులు మరో రెండు గీస్తే కాగితమేం చిరిగిపోదు. మూడేళ్ల ఫలితాలు కలిపి చూస్తే ముప్పై మంది పైచిలుకు అవుతారు. అప్పుడు ఒక్కడి జ్వరం బడి మొత్తానికి మచ్చ కాదు.

ఫలితాల రోజు రాత్రి పెద్దబడిలో మిఠాయి పంచుతుంటారు. చిన్నబడి హెడ్మాస్టరుకి అంత తీరిక ఉండదు. జూన్‌లో సప్లిమెంటరీ, ఫీజు కట్టడానికి కొద్దిరోజులే గడువు. తప్పిన పిల్లాడి ఫోన్ కలవదు. బిలోలి దగ్గర మేనమామ ఇంటికి వెళ్లాడని పక్కింటివాళ్లు చెబుతారు. పొద్దున్నే సాలూర వంతెన దాటి వెళ్లి, వాణ్ని వెంటబెట్టుకుని రావాలి.