మూలపేట పోర్టులో ఉద్యోగమంటే గేటు దగ్గర కాపలానేనా?

మా నందిగాంలో బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్లతో మాట కలిపితే చాలు, "అన్నా, పోర్టు వస్తే మనకేటి జాబ్స్ ఉంటాయి?" అంటారు. 2023 ఏప్రిల్‌లో మూలపేట శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. సెక్యూరిటీ, క్రేను, లారీ... లిస్టు అక్కడితో ఆగిపోతుంది. నేనైతే ఓడ పొగగొట్టం వైపు చూడమంటాను.

ప్రపంచం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు 3 శాతం ఓడలదే. విశాఖలో సరుకు దించి సింగపూర్ వెళ్లే ఓడ నడిసముద్రంలో కాల్చిన ఇంధనం ఎవరి ఖాతాలోది? ఏ దేశం మొత్తంలోనూ కలపరు, పక్కన విడిగా రాస్తారు. ఆ పని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ చూసుకుంటుందిలే అని దేశాలు చేతులు దులుపుకున్నాయి. కార్బన్‌కు ధర కట్టే ఐఎంఓ ముసాయిదాకు 2025 ఏప్రిల్‌లో మన దేశంతో సహా 63 దేశాలు ఓటేశాయి. అక్టోబరులో తుది నిర్ణయం ఏడాది వాయిదా పడింది.

మరి మన బాధ్యత కూడా వాయిదా పడినట్టేనా? కాదు. గ్రీన్‌హౌస్ వాయువులూ సముద్ర కాలుష్యమేనని, వాటిని తగ్గించేందుకు అవసరమైన చర్యలన్నీ తీసుకోవడం సభ్యదేశాల విధి అని 2024 మే 21న సముద్ర చట్టాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ చెప్పింది. ఓడల పొగ కూడా అందులోకే వస్తుంది. అది సలహా మాత్రమే, తీర్పు కాదు, నిజమే. కానీ అది వివరించిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో మనం 1995 నుంచీ ఉన్నాం. ఆ సంతకానికి విలువ లేదా?

ఇక మీ సంగతి. 5,000 గ్రాస్ టన్నేజ్, అంతకు మించిన ఓడలు 2019 నుంచి ఏటా ఇంధన లెక్క చెప్పాలి. 2023 నుంచి వాటికి ఎ నుంచి ఇ దాకా గ్రేడ్లు కూడా వచ్చాయి, అచ్చం మన సెమిస్టర్ మార్కుల్లాగే! ఆ లెక్కలు తీసేదీ, సరిచూసేదీ మనుషులే. పైథాన్, ఎక్సెల్, ఇంజిన్ల మీద కాస్త పట్టు ఉంటే ఆ తలుపు తట్టొచ్చు. పాస్ మార్కుల కోసం చదివిన థర్మోడైనమిక్స్‌కి ఇంత పని ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. విశాఖలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, కోర్సులు చూడండి.

రేవులో ఆగిన ఓడ కూడా కరెంటు కోసం జనరేటర్లు తిప్పుతూనే ఉంటుంది. ఒడ్డు నుంచి కరెంటిస్తే వాటిని ఆపేయొచ్చు. పాత పోర్టులో ఆ ఏర్పాటు చేయాలంటే తవ్వి పోయాలి, కొత్తదానికి మొదట్లోనే కేబుళ్లు వేసుకోవచ్చు. ఈసారి జాబ్ మేళాలో పోర్టు వాళ్లు కనిపిస్తే ముందు ఇది అడగండి: మూలపేటలో ఒడ్డు కరెంటు ఉంటుందా, దాన్ని నడిపేవాళ్లను ఎక్కడ్నుంచి తీసుకుంటారు? సెక్యూరిటీ పోస్టులెన్నో తర్వాత అడుగుదురు.