పులిహోర పొట్లాల కమిటీ

మొన్న మా ఊళ్ళో తుఫాను కమిటీ వేశారు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ముందుజాగ్రత్త మంచిదే. పదిమంది మగవాళ్ళు కూర్చుని సైరను ఒకరికి, జనరేటరు ఒకరికి, పడవలు ఒకరికి పంచేసుకున్నారు. "మరి మాకేం పని?" అని అడిగాను. "మీరు పులిహోర పొట్లాలు చూసుకోండమ్మా!" అన్నారు.

పులిహోర కలపడం నాకేం నామోషీ కాదు. నా పోట్లాట అది కాదు. ఏ ఇంట్లో ముసలమ్మ మంచం పట్టింది, ఏ కోడలికి నెలలు నిండాయి, ఏ మామ్మ గేదెను వదిలి కదలనని భీష్మించుకుంటుంది? ఇవేవీ ఆ కమిటీ కాగితంలో లేవు. మా కొళాయి దగ్గర మాత్రం అందరికీ తెలుసు!

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1990 మేలో మళ్ళీ అంత పెద్ద తుఫానే కోస్తాను కొట్టింది. ఈసారి లక్షలాది మందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యికి లోపే. గాలి జాలిపడలేదు, మనుషులు ముందే మేలుకున్నారు, అంతే.

కానీ మేలుకోవడంలో ఆడవాళ్ళ వాటా ఎంత? 1991లో బంగ్లాదేశ్ తుఫానులో సుమారు 1,38,000 మంది పోతే, వాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే చాలా ఎక్కువ. పిల్లల్ని పట్టుకుని, ఇంటాయన వచ్చి చెప్పేదాకా గడప దాటలేదు కొందరు. మగవాళ్ళతో కిక్కిరిసిన షెల్టరులోకి వెళ్ళడానికి బిడియపడ్డారు ఇంకొందరు. ఆ తరవాత అక్కడ ఆడవాళ్ళని కూడా వాలంటీర్లుగా తీసుకున్నారు. ఇంటి లోపలికి వెళ్ళి, "లే అక్కా, పద" అని చెయ్యి పట్టుకుని తీసుకురాగలిగింది వాళ్ళే మరి.

"ఆడవాళ్ళకి తీరికెక్కడిదమ్మా, మీటింగు రాత్రి ఎనిమిదింటికి కదా!" అంటారు. ఎనిమిదింటికి ఎవరు పెట్టమన్నారు? మధ్యాహ్నం మూడింటికి పెట్టండి, అందరం వస్తాం.

నేనడిగేది నాలుగే. కమిటీలో సగం మంది ఆడవాళ్ళు. చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన వాళ్ళ జాబితా, ఒక్కొక్కరి పక్కన ఎవరు తీసుకెళ్ళాలో పేరు. షెల్టరులో మనకు వేరే మరుగుదొడ్డి, దానికి లోపలినించి గడియ. ఏటా తుఫాన్ల రోజులకు ముందు, ఊరంతా కలిసి ఒకసారి షెల్టరుదాకా నడిచి చూడడం.

ఇది మా ఊరి గొడవే అనుకోకండి. మీ వీధిలో కమిటీ ఉంటే, అందులో మీ పేరు ఎక్కడుందో ఒకసారి చూడండి. వంటల పద్దు కింద ఉంటే గట్టిగా అడగండి.

పులిహోర పొట్లం అందుకోవాలన్నా, ముందు మనిషి బతికుండాలి కదండీ!