బటన్ నొక్కితే పాట వచ్చేస్తుందా?

ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ అనగానే "అదేం సంగీతమండీ! గురువు లేడు, సాధన లేదు, బటన్ నొక్కడమేగా" అనేస్తారు మనవాళ్ళు. డాఫ్ట్ పంక్ తొలి ఆల్బమ్ విని ఆ మాట అనండి చూద్దాం. 1997లో వచ్చింది. పేరే 'హోంవర్క్'. పారిస్‌లో ఇరవైల్లో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద స్టూడియో జోలికి పోకుండా ఇంట్లో, పడగ్గదిలో చేసుకున్నారు.

అందులో 'అరౌండ్ ది వర్ల్డ్' పాటకి సాహిత్యం మొత్తం ఆ మూడు ముక్కలే, 144 సార్లు! అయినా విసుగు రాదు. ఎందుకంటే మాట మారకపోయినా దాని కింద బేస్, డ్రమ్స్, సింథసైజర్ ఒకటి తప్పుకుంటుంటే ఇంకోటి వచ్చి చేరుతుంటుంది. ఏది ఎప్పుడు ఆపాలో తేల్చింది మిషను కాదు, మనిషి చెవి. అది సాధన కాదా? ఏకాహ భజనలో ఒకే నామం రోజంతా పాడితే భక్తి, మిషను మీద ఒకే మాట 7 నిమిషాలు పాడితే బద్ధకమా?

ఇక గురువంటారా, అదే ఆల్బమ్‌లో 'టీచర్స్' అనే పాట ఉంది. పాటంతా వాళ్ళకి దారి చూపించిన సంగీతకారుల పేర్లే. ఎత్తిన ట్యూనుకి ఊరూ పేరూ చెప్పని మన సినిమావాళ్ళకేమో సన్మానాలు, శాలువాలూనూ!