ఒకే బ్రష్షు, ఎనిమిది ముఖాలు

కార్తీక శుద్ధ ఏకాదశితో ఉత్తరాదిన పెళ్ళి ముహూర్తాలు మొదలవుతాయి. వాటితోపాటే ఏటా ఢిల్లీ నుంచి ఒక వార్త తప్పకుండా వస్తుంది: ఈ సీజనులో ఇన్ని లక్షల పెళ్ళిళ్ళు, ఇన్ని లక్షల కోట్ల వ్యాపారం. 2024 నవంబరు, డిసెంబరు ముహూర్తాలకు దేశంలో 48 లక్షల పెళ్ళిళ్ళు, దాదాపు 6 లక్షల కోట్ల రూపాయల వ్యాపారం జరుగుతాయని అఖిల భారత వర్తకుల సమాఖ్య అంచనా వేసింది. ఒక్క ఢిల్లీలోనే నాలుగున్నర లక్షల పెళ్ళిళ్ళని చెప్పింది. వర్తక సంఘాల అంచనాలు ఎప్పుడూ కాస్త ఉదారంగానే ఉంటాయి. అందులో సగమే నిజమనుకున్నా, అయిదారు వారాల వ్యవధిలో రాజధానిలో మేకప్ బ్రష్షు తగిలే ముఖాలు లక్షల్లోనే ఉంటాయి. నగలు, బట్టలు, విందు, విడిది, బ్యాండు మేళం అంటూ పద్దులన్నీ ఏకరువు పెట్టే ఆ వార్తలో, ఈ బ్రష్షులను శుభ్రం చేయడానికయ్యే ఖర్చు మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ ఖర్చు ఎవరు భరించాలో ఇంతవరకు ఎవరూ తేల్చకపోవడమే అందుకు కారణం.

ఛత్తర్‌పూర్ ఫాంహౌసుల్లోనైనా, ఘజియాబాద్, నోయిడా ఫంక్షన్ హాళ్ళలోనైనా జరిగే తంతు ఒకటే. మేకప్ ఆర్టిస్టు ఒకరు, సహాయకురాలు ఒకరు వస్తారు. ఒప్పందం పెళ్ళికూతురి అలంకరణకు. తీరా అక్కడికి చేరాక తల్లి, పిన్ని, మేనత్త, ఇద్దరు వదినలు, ఇద్దరు స్నేహితురాళ్ళు వరుసగా కూర్చుంటారు. ఫౌండేషనుకు, బుగ్గలకు, కనురెప్పలకు, పెదవులకు కలిపి ఒక ముఖానికి పది, పన్నెండు బ్రష్షులు పడతాయి. పన్నెండు చొప్పున ఎనిమిది మందికి 96 కావాలి. అన్ని బ్రష్షులు పెట్టెలో పెట్టుకొని తిరిగేవారు అరుదు. సబ్బునీటితో కడిగిన బ్రష్షు లోపలి దాకా ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. డిసెంబరు పొగమంచులో ఢిల్లీలో అది తెల్లవారినా ఆరకపోవచ్చు. బరాత్ గేటు దాకా వచ్చిందని బయటి నుంచి కేకలు వినిపిస్తుంటే ఆమె చేయగలిగింది ఒక్కటే. బ్రష్షును కాగితపు నాప్కిన్ మీద నాలుగుసార్లు రుద్ది తరువాతి ముఖం అందుకుంటుంది. అశ్రద్ధ అని తీసిపారేయడం తేలికే గాని, ఆ గదిలో ఆమెకు కొరవడినవి మరో గంట సమయం, మరి నాలుగు జతల బ్రష్షులు.

చర్మంపై లేచిన దద్దుర్లు కొన్నాళ్ళకు తగ్గవచ్చు. కంటి సంగతి అంత తేలిక కాదు. 1970లలో అమెరికాలో కలుషితమైన మస్కారా ద్వారా సూడోమొనాస్ అనే బాక్టీరియా సోకి కార్నియాపై పుండ్లు పడిన ఉదంతాలను నేత్రవైద్యులు నమోదు చేశారు. మస్కారా పుల్లను రెప్పకు రాసి మళ్ళీ గొట్టంలో ముంచిన ప్రతిసారీ ఆ మనిషి రెప్పల మీది సూక్ష్మజీవులు గొట్టంలోకి చేరతాయి. అందులో కలిపే నిల్వ రసాయనాలు ఒక్క మనిషి సొంత వాడకాన్ని దృష్టిలో పెట్టుకొని వేసినవి. పదిమంది పంచుకుంటే వాటి శక్తి చాలదు. మస్కారాను ఎవరితోనూ పంచుకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టంగా చెబుతోంది. సొంతానికి వాడుకున్నా మూడు నెలలకు మార్చడం మేలని సౌందర్య పరిశ్రమ నిపుణులే అంటారు. బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో వెల్లడించిన అధ్యయనంలో, జనం వాడుతున్న 467 సౌందర్య సాధనాలను పరీక్షిస్తే నూటికి 79 నుంచి 90 దాకా బాక్టీరియాతో కలుషితమై ఉన్నాయి. పూత అద్దే స్పాంజీల్లో నూటికి 93 ఒక్కసారి కూడా కడగనివి. అవన్నీ ఎవరికి వారు ఇంట్లో వాడుకున్నవని గమనించాలి.

కంటి అంటువ్యాధులు ఢిల్లీకి కొత్త కాదు. 2023 జూలైలో యమున పొంగిన రోజుల్లోనే కళ్ళకలక నగరాన్ని చుట్టుముట్టింది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని రాజేంద్రప్రసాద్ నేత్ర విజ్ఞాన కేంద్రానికి రోజుకు సుమారు వంద మంది ఆ బాధతో వచ్చారు. అధిక భాగం ఎడినోవైరస్ వల్ల వచ్చినవే. ఈ వైరస్‌కు రెండు లక్షణాలున్నాయి. పొడి వస్తువుల మీద కూడా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి బతుకుతుంది. స్పిరిటుకు అంత సులభంగా లొంగదు. అంటే మేకప్ పెట్టెలో ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా అన్నిటికీ సంజీవని కాదు. కళ్ళు ఎర్రబడిన మనిషి కంటికి వాడిన పుల్లను పారవేయవలసిందే. అసలు ఆ కంటికి ఆ రోజు రంగు తాకించకపోవడమే సరైన పని. సుర్మా, కాజల్ పుల్లలను ఇంటిల్లిపాదీ పంచుకోవడం ట్రకోమా వ్యాప్తికి ఒక దారి అని ఉత్తరాది నేత్రవైద్యులు ఏనాటి నుంచో హెచ్చరిస్తూ వచ్చారు. ఆ వ్యాధిపై 1963లో మొదలైన జాతీయ కార్యక్రమం ఫలించి, ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారత్ నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2024 అక్టోబరులో. అరవై ఏళ్ళు పట్టిన పని అది.

మరి సరైన పద్ధతి ఏది? అది బ్రహ్మవిద్యేమీ కాదు. క్రీము, ఫౌండేషను వంటి వాటిని డబ్బాలోంచి శుభ్రమైన చిన్న గరిటెతో తీసి లోహపు పళ్ళెంలో వేసుకొని అక్కడి నుంచి వాడాలి. ముఖానికి తగిలిన బ్రష్షు తిరిగి డబ్బాలోకి పోరాదు. లిప్‌స్టిక్‌ను కొంచెం గీకి తీసి, వేరే బ్రష్షుతో అద్దాలి. మస్కారాకు ఒకసారి వాడి పారవేసే పుల్లలు వాడాలి. పెన్సిలును మనిషి మారినప్పుడల్లా చెక్కాలి. స్పాంజీని శుద్ధి చేయడం సాధ్యం కాదు కాబట్టి మనిషికొకటి ఇవ్వాలి. బ్రష్షును ముందు కడిగి జిడ్డు వదిలించిన తరువాతే స్పిరిటు పని చేస్తుంది. రంగు, నూనె పేరుకున్న బ్రష్షు మీద స్పిరిటు చల్లితే అది పైపైనే ఆరిపోతుంది. చాలామంది నూటికి 99 పాళ్ళ స్పిరిటు మరింత మేలనుకుంటారు. వాస్తవం అందుకు భిన్నం. 70 పాళ్ళ స్పిరిటులోని నీరు దాన్ని వెంటనే ఆవిరి కానివ్వదు, సూక్ష్మజీవి మీద పని చేయడానికి వ్యవధినిస్తుంది.

ఇక్కడ అనువాదకుడి గోడు ఒకటి చెప్పుకోవాలి. ఇంగ్లీషు వార్తలో ‘క్లీన్’ అని వచ్చినా, ‘శానిటైజ్’ అని వచ్చినా, ‘డిస్ఇన్ఫెక్ట్’ అని వచ్చినా మేము డెస్కులో ‘పరిశుభ్రపరచడం’ అనే రాసి సరిపెడుతుంటాం. మూడూ వేర్వేరు పనులు. అయితే ఇంగ్లీషులో సరైన మాట దొరకని పదం మనకూ ఒకటుంది: ఎంగిలి. మడి, అంటు పేరిట సాటి మనుషులను దూరం పెట్టిన చరిత్ర ఈ మాటల చుట్టూ లేకపోలేదు. ఒకరి నోటికి తగిలినది మరొకరి నోటికి తగలరాదన్న దాని మొదటి అర్థం మాత్రం వైద్యులు కూడా ఒప్పుకొనేదే. గ్లాసు ఎత్తి పోసుకొని నీళ్ళు తాగే ఇల్లాలే, పెళ్ళి గదిలో వదినగారి పెదవులకు తగిలిన లిప్‌స్టిక్‌ను సందేహం లేకుండా తన పెదవులకు రాయించుకుంటుంది. పెదవులపై పొక్కులు లేపే హెర్పిస్ వైరస్‌కు ఆ దారి చాలు.

ఇక చట్టం. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నియంత్రిస్తాయి. డబ్బా మూత తెరిచిన క్షణంతో వాటి చూపు ఆగిపోతుంది. పార్లరు నడపాలంటే స్థానిక సంస్థ లైసెన్సు ఉండాలి గాని, ఆ లైసెన్సు గదికి సంబంధించినది. పెట్టె పట్టుకొని ఈ రాత్రి గురుగ్రామ్‌లో, రేపు ఫరీదాబాద్‌లో, ఎల్లుండి నోయిడాలో పని చేసే మనిషికి గది ఏది? సినిమా రంగంలో మహిళలకు మేకప్ ఆర్టిస్టులుగా గుర్తింపు నిరాకరించిన సంఘం నిబంధనను చారు ఖురానా కేసులో 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ పని చేసుకొనే హక్కు రాజ్యాంగబద్ధమని తేలింది. దానికి కనీస ప్రమాణం ఏమిటన్నది మాత్రం తేలలేదు. సౌందర్య రంగ నైపుణ్య మండలి పాఠాల్లో పరిశుభ్రత ఉంది. ఆ పాఠం చదవనిదే పని చేయరాదన్న నియమం లేదు.

ఒకసారి వాడి పారవేసే సామగ్రి ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో గురుగ్రామ్‌లో 2021లోనే తెలిసింది. ఇంటికి వచ్చి సౌందర్య సేవలందించే అర్బన్ కంపెనీకి పని చేస్తున్న మహిళలు ఆ ఏడాది అక్టోబరులో సంస్థ కార్యాలయం ముందు ధర్నా చేశారు, డిసెంబరులో మళ్ళీ చేశారు. కమీషన్లు ఎక్కువన్నది వారి ఫిర్యాదుల్లో మొదటిది. సామగ్రిని సంస్థ నుంచే కొనాలన్న నిబంధన మరొకటి. సంస్థ కమీషన్లు కొంత తగ్గించింది, డిసెంబరు నిరసనలపై కోర్టుకూ వెళ్ళింది. సీలు వేసిన పొట్లాలు, మనిషికొక కిట్టు అన్న పద్ధతి వినియోగదారుకు భద్రతనిచ్చేదే, సందేహం లేదు. ఆ భద్రత ధర పనిచేసే మనిషి ఆదాయంలోంచి తరుగుతుంటే, ఆమె ఏదో ఒకనాడు ఒక పొట్లాన్ని ఇద్దరికి సర్దడానికి ప్రయత్నిస్తుంది. అంతటి ఒత్తిడి పెట్టి నిజాయితీ ఆశించడం న్యాయం కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సౌందర్య సేవలపై జీఎస్‌టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించడాన్ని అందరూ హర్షించారు. వార్త అడుగున ఉన్న షరతును పట్టించుకున్నవారు తక్కువ. కొత్త రేటుతో పాటు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ పోయింది. బ్రష్షులు, పుల్లలు, స్పిరిటు కొన్నప్పుడు చెల్లించిన పన్నును పార్లరు ఇక తిరిగి రాబట్టుకోలేదు. అంటే ఎంత ఎక్కువ శుభ్రంగా ఉంటే అంత ఎక్కువ పన్ను మిగిలిపోతుంది. ఏటా 20 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి రిజిస్ట్రేషనే అక్కరలేదు గనుక వారికి ఆ క్రెడిట్ ఎన్నడూ లేదు. పెళ్ళిళ్ళకు తిరిగేవారిలో అధికులు ఈ కోవకే చెందుతారు. పారవేసే పుల్లలు, స్పాంజీల వరకైనా పన్ను తగ్గించే విషయం జీఎస్‌టీ మండలి ఆలోచించడం అవసరం.

ఇన్‌స్పెక్టర్ రాజ్యాన్ని మేకప్ గదిలోకి తీసుకురావాలని ఎవరూ కోరరు. ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు మూడూ గుర్తించే ఒక కార్డును, కొద్దిరోజుల శిక్షణ తరువాత, గదికి కాక మనిషికే ఇవ్వవచ్చు. అది వచ్చేలోగా పెళ్ళివారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కాటుక, మస్కారా, లిప్‌స్టిక్ ఈ మూడింటినీ ఎవరివి వారే తెచ్చుకోవచ్చు. సామగ్రి ఖర్చును మేకప్ రుసుములో కలిపేయకుండా వేరే పద్దుగా చూపమని అడిగి, అడిగినంత ఇవ్వవచ్చు. ఒప్పందం రాసుకొనేటప్పుడు ‘ఎంతమందికి’ అన్న చోట ఒక సంఖ్య వేస్తే, ఎన్ని బ్రష్షులు కడిగి ఆరబెట్టుకోవాలో ఆమెకు ముందురోజే తెలుస్తుంది.