పసివాడి అడుగే ప్రయాణానికి కొలత



ఇటీవల మా పెద్దమ్మాయి తన ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చింది. పిల్లలను ఎటైనా తిప్పి తీసుకువద్దామన్న మాట వచ్చినప్పుడు, "నీ చిన్నప్పుడు మనం జూ పార్కుకు, సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాం, గుర్తుందా బేటీ?" అని అడిగాను. ఏనుగు సంగతో, గంటలు కొట్టే గడియారం సంగతో చెబుతుందనుకున్నాను. ఆమె కాసేపు ఆగి, "ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మీ ఏడ్చింది అబ్బా. నాకు అదొక్కటే గుర్తుంది" అన్నది.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఏం జరిగిందో నాకు తెలుసు.

మదర్సాలకు సెలవు శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియం మూసి ఉండేదీ శుక్రవారమే. అందుచేత ఒక ఆదివారం ప్రత్యేకంగా సెలవు పెట్టాను. దొరక్క దొరికిన రోజు కనుక అన్నీ ఒక్కసారే చూపించాలని ఆశపడ్డాను. ఉదయం జూ పార్కు, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం చార్మినార్. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. అబ్బాయికి రెండేళ్ళు నిండలేదు. జూ పార్కు 380 ఎకరాల ప్రాంగణం. నేను ముందు నడుస్తూ "త్వరగా రండి" అంటున్నాను. వెనుక మా ఇంటావిడ చంకలో పిల్లవాడు, భుజాన సంచి, బురఖా అంచు పట్టుకుని అమ్మాయి. మ్యూజియంలో గడియారంలోని బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే వేళకు పిల్లవాడు తల్లి భుజం మీద నిద్రపోయాడు. అమ్మాయి ఆకలికి మారాం చేసింది. నలుగురిలో దాన్ని గద్దించాను. "ఇంత ఖర్చు పెట్టి తీసుకువస్తే ఇదా!" అని ఇంటావిడనూ ఒక మాట అన్నాను. బస్సులో ఆమె కన్నీళ్ళు నేను చూడలేదు. నాలుగేళ్ళ పసిపిల్ల చూసింది.

మదర్సాలో నేను ఏటా బోధించే హదీసు ఒకటి ఉంది. హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) తనను తన వాళ్ళకు ఇమాముగా నియమించమని కోరారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అందుకు అంగీకరిస్తూ, జమాఅతులో అందరికన్నా బలహీనుడైన వ్యక్తిని దృష్టిలో ఉంచుకుని నమాజు చేయించమని ఆదేశించారు (అబూదావూద్). స్వయంగా ఆయన (స) కూడా నమాజును దీర్ఘంగా చేయించాలని సంకల్పించి, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు తల్లడిల్లుతుందని సంక్షిప్తం చేసేవారు (బుఖారీ). ఆరాధనలోనే పసివారికి, వారి తల్లులకు ఇంతటి మినహాయింపు ఉంటే, విహారంలో ఎంత ఉండాలి! కుటుంబాన్ని వెంటబెట్టుకుని బయలుదేరిన తండ్రి కూడా ఒక ఇమామే. అతని వెనుక ఉన్న జమాఅతులో అందరికన్నా బలహీనుడు రెండేళ్ళ పసివాడు. ప్రయాణానికి కొలత వాడి అడుగే కావాలి, మన అడుగు కాదు.

"పిల్లలను షికార్లకు తిప్పడం వృథా కాలక్షేపం కాదా?" అని కొందరు సోదరులు అడుగుతుంటారు. మస్జిదె నబవీలో హబషీలు ఆయుధ విన్యాసాలు ప్రదర్శిస్తుండగా హజ్రత్ ఆయిషా (రజి) చూశారు. ఆమెకు తనివి తీరేవరకు దైవప్రవక్త (స) ఆమెకు చాటుగా నిలబడే ఉన్నారు. చిన్న వయసు పిల్లలకు ఆటపాటలంటే ఎంత ఇష్టమో అర్థం చేసుకోండని ఆమె తరువాతి కాలంలో ప్రజలకు చెప్పేవారు (బుఖారీ). అబూ ఉమైర్ అనే చిన్నవాడు పెంచుకున్న పిట్ట గురించి ఆయన (స) వాడిని ఆప్యాయంగా పలకరించిన సంగతీ ప్రసిద్ధమే. ధర్మం హద్దుల్లో ఉన్న వినోదం పసివారి హక్కు. దాన్ని వారికి ఓపికగా అందించడం పెద్దల బాధ్యత.

అనుభవం మీద నాకు తెలిసివచ్చిన నాలుగు విషయాలు మనవి చేస్తాను.

మొదటిది, ఒక రోజుకు ఒకే చోటు. అయిదేళ్ళలోపు పిల్లలకు రెండు గంటల సమయం చాలు. వారు నిద్రపోయే వేళ, తినే వేళ చూసుకుని బయలుదేరాలి. జూ పార్కుకు వెళితే మూడు నాలుగు జంతువులను నిదానంగా చూపండి, మిగిలినవి ఇంకోసారి. సోమవారం అది మూసి ఉంటుందని మరువకండి. ఒంటె సృష్టిని పరిశీలించమని ఖుర్ఆన్ మనల్ని ఆహ్వానిస్తున్నది (అల్ గాషియా: 17). పరిశీలన తీరికతో జరిగే పని.

రెండవది, సంచి తండ్రి భుజాన ఉండాలి. మంచినీళ్ళు, ఇంట్లో చేసిన తినుబండారాలు, ఒక జత బట్టలు, కింద పరుచుకోవడానికి దుప్పటి అందులో పెట్టుకోండి. తండ్రి ఫోన్ నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో వేయండి. వారమంతా పిల్లలను చూసుకున్న తల్లికి ఆ రెండు గంటలైనా విశ్రాంతి దొరకకపోతే అది ఆమెకు విహారం కాదు, ఇంటి చాకిరీయే చోటు మార్చుకుని వచ్చినట్లు.

మూడవది, నమాజు వేళలను బట్టి చోటు ఎంచుకోవాలి. వుజూకు నీళ్ళున్నాయా, స్త్రీలకు నమాజు వసతి ఉందా అని ముందే కనుక్కోవాలి. చీకటి పడే వేళ పిల్లలను బయట తిరగనీయవద్దని హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). కనుక మగ్రిబ్‌కు ముందే ఇల్లు చేరేలా చూసుకోండి.

నాల్గవది, ఖర్చును సాకుగా చూపవద్దు. పసివారికి కోట అయినా, మట్టికుప్ప అయినా ఒకటే. కర్నూలు వారికి తుంగభద్ర తీరం ఉంది, విశాఖ వారికి సముద్రం ఉంది. పల్లెల్లో ఉండేవారికి పొలం గట్టు చాలు. అయితే నీటి దగ్గర పిల్లవాడి చెయ్యి విడవకండి. చేతిలో ఫోన్ ఉంటే ఆ చెయ్యి పట్టుకోలేరు.

ఈసారి మనవళ్ళను ఒక శుక్రవారం సాయంత్రం నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకువెళ్ళాను. తోట ఆవరణలోనే షాహీ మస్జిద్ ఉంది. అక్కడ అస్ర్ నమాజు చేసుకుని వచ్చి చెట్టు కింద దుప్పటి పరిచాం. చిన్నవాడు నాలుగడుగులు వేసి చీమల బారు దగ్గర కూలబడ్డాడు. కదిలిద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. వాడి పక్కనే కూర్చుని, చీమ మాట విని చిరునవ్వు నవ్విన హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) వృత్తాంతం చెప్పాను. ఖుర్ఆన్‌లో చీమ పేరుతో ఒక సూరా ఉందని పెద్దవాడికి చెబితే వాడి కళ్ళు పెద్దవయ్యాయి. తోటలో మేము చూసింది ఆ చెట్టు, ఆ చీమలు, అంతే. మగ్రిబ్ దగ్గరపడుతుండగా బయలుదేరాం. సంచి నా భుజానే ఉంది.

దారిలో మా ఇంటావిడను, ఆ ఆదివారం నాడు గద్దించినందుకు మన్నించమని అడిగాను. ఆమె నవ్వి, "ఇన్నేళ్ళకు గుర్తొచ్చిందా!" అన్నది. నిజానికి గుర్తు పెట్టుకున్నది నేను కాదు, మా అమ్మాయి. మన పిల్లలు కూడా ఈనాడు మనల్ని చూస్తూనే ఉన్నారు. పెద్దయ్యాక వారు ఏది గుర్తు పెట్టుకోవాలో మనం ఈ రోజే చూసుకోవాలి.

మన ఇళ్ళలోని బలహీనుల అడుగుతో అడుగు కలిపి నడిచే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.