బొమ్మ కాదు, గుంపే ప్రమాదం

ఎగ్జిబిషనులో కొన్న కొండపల్లి బొమ్మకు, బొమ్మల కథల పుస్తకానికి ఇంటికి రాగానే శానిటైజరు పూయడం కోవిడ్ నాటినుంచి కొందరికి అలవాటయింది. అది అవసరం లేదు. పైగా రంగు పాడుకావచ్చు.

2022 జనవరి 1న హైదరాబాదులో ప్రారంభమైన నుమాయిష్‌ను మర్నాడే నిలిపివేశారు. కారణం అక్కడి సరుకులు కావు, జనసమ్మర్దం. కోవిడ్ ముఖ్యంగా గాలిద్వారా సోకుతుంది. రోగి మాట్లాడినా, దగ్గినా వెలువడే సూక్ష్మమైన తుంపరలు గాలి ఆడని గదిలో చాలాసేపు తేలుతుంటాయి. వస్తువులవల్ల సోకడం అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. కాని వైరస్ పోలేదు. ఫ్లూ కూడా ఇలాగే అంటుకుంటుంది. పిల్లవాడికి జలుబుతో పోయేది ఇంట్లో నాయనమ్మకు న్యుమోనియాగా మారవచ్చు.

కనుక తాడేపల్లినుంచి బ్యారేజీ దాటి విజయవాడ ప్రదర్శనలకు వెళ్ళే తల్లిదండ్రులు ఇవి గుర్తుంచుకోవాలి. జ్వరం, దగ్గు ఉన్నవారిని ఇంటివద్దే ఉంచండి. స్టాలు కిక్కిరిసి ఉంటే, జనం పలచబడ్డాకే లోపలికి వెళ్ళండి. వృద్ధులు, గర్భిణులు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు ముక్కూ నోరూ మూసేలా మాస్కు ధరించాలి. తినేముందు సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు కడుక్కోండి. ఆయాసం వస్తే సొంతవైద్యం చేసుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.